ఆర్లింగ్టన్ రో: ఉన్ని కొట్టు నుంచి నేతగాళ్ల ఇళ్ల దాకా

ఇంగ్లండ్‌లోని గ్లాస్టర్‌షైర్‌లో, సైరెన్‌సెస్టర్ పట్టణానికి ఈశాన్యంగా సుమారు 10 కిలోమీటర్ల దూరంలో, కోల్న్ అనే చిన్న నది ఒడ్డున బైబరీ గ్రామం ఉంది. ఆ గ్రామంలో, సన్నటి కాలువ పక్కనుంచి మొదలై మెట్ట మీదికి ఎక్కే దారి వెంట, ఒకే వెన్నుగోడగా కలిసిపోయిన చిన్న చిన్న రాతి ఇళ్ల వరుస పేరు ఆర్లింగ్టన్ రో. సుమారు 1380లో మఠంవాళ్లు కట్టిన కొట్టు, 17వ శతాబ్దంలో నేతగాళ్ల ఇళ్లుగా మారింది. ఇప్పుడు నేషనల్ ట్రస్ట్ ఆస్తి. ఇంగ్లండ్ చారిత్రక కట్టడాల జాబితాలో మొదటి తరగతికి చెందింది. జాబితాకెక్కిన కట్టడాల్లో ఆ తరగతివి నూటికి రెండున్నర మాత్రమే. వాటిలో ఎక్కువ భాగం చర్చిలు, కోటలు, జమీందారీ భవనాలు. కూలినాలి చేసుకునేవాళ్ల ఇళ్లకు ఆ గౌరవం దక్కడం అరుదు.

ఈ వరుసకు వాస్తుశిల్పి అంటూ ఎవరూ లేరు. దీన్ని ఒక పథకం ప్రకారం ఎవరూ గీయలేదు. గొర్రెలు, ఉన్ని, నీళ్లు, ఆ నేలలో దొరికే రాయి, ఉన్నదాన్ని పారెయ్యకుండా వాడుకోవాలన్న పొదుపు కలిసి దీనికి ఈ రూపం ఇచ్చాయి. ఏ భాగం ఎందుకు అలా ఉందని అడిగినా ఏదో ఒక పని అవసరమే జవాబుగా వస్తుంది. ఇంగ్లండ్ గ్రామీణ గృహనిర్మాణాన్ని అర్థం చేసుకోవడానికి పెద్ద భవనాల కన్నా ఈ వరుస ఎక్కువ ఉపకరించేది అందుకే.

ఉన్ని కాలం

మధ్యయుగాల ఇంగ్లండ్ సంపదకు మూలం ఉన్ని. బైబరీ ఉన్న కాట్స్‌వోల్డ్ మెట్టల మీద పెరిగే గొర్రెల పొడవాటి ఉన్నికి ఫ్లాండర్స్‌లోనూ ఇటలీ నగరాల్లోనూ మంచి గిరాకీ ఉండేది. ఫ్లోరెన్స్ వర్తకుడు పెగొలొత్తి 14వ శతాబ్దపు తొలి సగంలో రాసిన వ్యాపార గ్రంథంలో ఇంగ్లండ్ మఠాల పేర్లూ, వాటి ఉన్ని ధరలూ వరుసగా నమోదయ్యాయి. కాట్స్‌వోల్డ్‌లోని చిపింగ్ క్యాంప్‌డెన్‌లో ఉన్ని వ్యాపారం చేసి 1401లో మరణించిన విలియం గ్రెవెల్ ఇల్లు నేటికీ ఆ ఊరి ప్రధాన వీధిలో ఉంది. నార్త్‌లీచ్, చిపింగ్ క్యాంప్‌డెన్ చర్చిలు గొర్రెల ఆసాముల, ఉన్ని వర్తకుల విరాళాలతో లేచినవి. బ్రిటన్ పార్లమెంటు ఎగువసభలో అధ్యక్షస్థానంలో కూర్చునే వ్యక్తి ఆసనం ఈనాటికీ ఉన్ని కూరిన దిండే.

1348–49లో వచ్చిన ప్లేగు మహమ్మారి పల్లెల్లో మనుషుల్ని తుడిచిపెట్టింది. దున్నడానికి, కోతకు కూలీలు కరువయ్యారు. బతికినవాళ్లు ఎక్కువ కూలి అడిగారు. పది మంది చేసే సాగు కన్నా ఒక కాపరితో గడిచే గొర్రెల పెంపకం భూస్వాములకు మేలనిపించింది. ఆర్లింగ్టన్ రో మూలకట్టడం లేచింది సరిగ్గా ఆ తర్వాతి తరంలోనే.

దాన్ని కట్టించింది ఆక్స్‌ఫర్డ్ పక్కనున్న ఓస్నీ మఠం. 1129లో అగస్టీనియన్ సంప్రదాయంలో స్థాపితమైన ఆ మఠానికి బైబరీ చర్చి మీదా, ఆ చుట్టుపక్కలా హక్కులుండేవి. ఈ కట్టడాన్ని కొందరు చరిత్రకారులు గొర్రెల కొట్టం అంటారు, మరికొందరు ఉన్ని నిల్వచేసే కొట్టు అంటారు. రెండింటికీ కావలసింది ఒకటే: పొడవుగా, సన్నగా, అడ్డగోడలు లేకుండా సాగే ఒక చావడి, దాని మీద వాన చుక్క దిగనివ్వని కప్పు. పొయ్యితో పని లేదు, పెద్ద కిటికీలతో పని లేదు. ఇప్పటి వరుస పొడవుకూ సన్నదనానికీ కారణం అక్కడే ఉంది.

రాజు ఎనిమిదవ హెన్రీ మఠాలను రద్దు చేసినప్పుడు 1539లో ఓస్నీ కూడా పోయింది. ఆ మఠపు భారీ చర్చిలో ఈనాడు చూడటానికి దాదాపు ఏమీ మిగల్లేదు. ఆ మఠంవారి ఒక మారుమూల కొట్టం మాత్రం మిగిలింది. పూజలు జరిగిన చోటు కూలిపోయి గొర్రెలో ఉన్నో ఉంచిన చోటు నిలిచిందంటే, అది ఆ తర్వాత కూడా ఎవరికో ఒకరికి పనికి వస్తూనే ఉండటం వల్ల.

నేల కింది రాయి

కాట్స్‌వోల్డ్ మెట్టలన్నీ సున్నపురాయి. సుమారు 16, 17 కోట్ల ఏళ్ల కిందట, జురాసిక్ యుగంలో, ఇక్కడ వెచ్చని లోతులేని సముద్రం ఉండేది. అలలకు దొర్లే గవ్వముక్కల చుట్టూ, ఇసుక రేణువుల చుట్టూ సున్నం పొరలు పొరలుగా పేరుకుని చిన్న చిన్న గుళికలయ్యాయి. ఆ గుళికలు కోట్లకొద్దీ అతుక్కుని గట్టిపడ్డ రాయి ఇది. భూతద్దంలో చూస్తే చేపగుడ్ల ముద్దలా కనిపిస్తుంది.

ఈ రాయికి కట్టుబడిలో రెండు మంచి గుణాలున్నాయి. క్వారీ నుంచి తీసిన కొత్తలో తడిగా, మెత్తగా ఉండి ఉలికి సులువుగా లొంగుతుంది. గాలి తగిలి తడి ఆరేకొద్దీ పైపొర గట్టిపడుతుంది. మంచి పొరల్లో దొరికిన రాయిని ఏ దిక్కునుంచైనా నున్నగా చెక్కవచ్చు. ఈ మెట్టల్లోని టేంటన్, బారింగ్టన్ క్వారీల రాయి ఆక్స్‌ఫర్డ్ కళాశాలలకు, లండన్ సెయింట్ పాల్స్ కెథడ్రల్‌కు వెళ్లింది. 1675లో ఆ కెథడ్రల్‌కు మొదటి రాయి పెట్టిన తాపీ మేస్త్రి థామస్ స్ట్రాంగ్ ఈ ప్రాంతపు క్వారీల కుటుంబానికి చెందినవాడు.

అంత మేలిరాయి నేతగాళ్ల ఇళ్లకు రాదు. ఆర్లింగ్టన్ రో గోడలు ముతక రాళ్లవి. నేల తవ్వితే పైపొరల్లో దొరికే చిన్నాపెద్దా రాళ్లను ముఖం మాత్రం సరిచేసి, వీలైనంత వరుసలో పేర్చి, సున్నపు గారతో కట్టినవి. ఈ తరహా గోడ నిజానికి రెండు గోడలు. లోపలి ముఖం, బయటి ముఖం విడివిడిగా లేపి, నడుమ రాళ్ల ముక్కలూ గారా కూరుతారు. రెండు ముఖాలూ విడిపోకుండా అక్కడక్కడా గోడ మందమంతా పట్టే పొడుగు రాళ్లు అడ్డంగా వేస్తారు. అలా గోడ అర మీటరుకు పైగా మందం తేలుతుంది. మూలల్లో, తలుపుల పక్కల మాత్రం కాస్త పెద్దవీ, నలుపలకలుగా చెక్కినవీ పెడతారు, బరువు అక్కడే ఎక్కువ పడుతుంది గనక.

రాయి రంగు నేలలోని ఇనుమును బట్టి మారుతుంది. కాట్స్‌వోల్డ్ ఉత్తర భాగంలో ఇనుము ఎక్కువ, అక్కడి ఊళ్లు ముదురు పసుపు. దక్షిణానికి వచ్చేకొద్దీ రంగు పలచనై బూడిద వైపు మళ్లుతుంది. బైబరీ ఆ రెంటికీ మధ్యన ఉంటుంది, ఎండలో తేనె రంగు, వానలో బూడిద రంగు. రైళ్లు, లారీలు రాకముందు రాతిని పది మైళ్లు బండి మీద తోలడం రాతి ధర కన్నా ఎక్కువయ్యేది. కాబట్టి ప్రతి ఊరూ తన కాలికింద దొరికిన రాయితోనే కట్టుకుంది. ఒక ఊళ్లో గోడ, కప్పు, పెరటి ప్రహరీ, కాలిబాట అన్నీ ఒకే రంగులో ఉండటానికి కారణం ఆ ఊరివాళ్ల అభిరుచి కన్నా బండి కిరాయి.

కొట్టు ఇళ్లయిన తీరు

చరిత్రకారుడు డబ్ల్యూ.జి. హాస్కిన్స్ 1953లో ఒక ప్రసిద్ధ వ్యాసం రాశాడు. 1570 నుంచి 1640 వరకు ఇంగ్లండ్ పల్లెలు మళ్లీ కొత్తగా కట్టుకున్నాయని అందులో ప్రతిపాదించాడు. మట్టి, కర్ర ఇళ్ల స్థానంలో రాతి ఇళ్లు వచ్చాయి. నడి ఇంట్లో మంట వేసి పొగను కప్పు సందుల్లోంచి వదిలే పాత పద్ధతి పోయి గోడలో పొగగొట్టాలు వచ్చాయి. మిద్దె వేసి పై గదులు చేసుకున్నారు. ఆ తేదీలను తర్వాతి పరిశోధకులు అటూ ఇటూ సాగదీశారు, కానీ మార్పు జరిగిన మాట నిజం. ఆర్లింగ్టన్ రోలో జరిగినది అదే మార్పు, కాకపోతే కొత్తగా కట్టకుండా పాతదాన్ని కోసి చేశారు.

పొడుగాటి కొట్టుకు నిలువునా అడ్డగోడలు పెట్టారు. ఒక్కో భాగానికి ఒక తలుపు, ఒక పొయ్యి, ఒక పొగగొట్టం. కింద ఒక గది, పైన ఒక గది, వాటి మధ్య ఇరుకు మెట్లు. కట్టడం వెడల్పు పెంచే వీలు లేదు గనక ఇళ్లకు లోతు రాలేదు. స్థలం పైకే దొరకాలి. పైన ఉన్నది కప్పు. అందుకని కప్పు కింది ఖాళీనే గది చేశారు. అలా చేస్తే వాసాల వాలు కింద మనిషి నిలబడలేడు, వెలుతురూ రాదు. దానికి కాట్స్‌వోల్డ్ మేస్త్రులకు తెలిసిన ఉపాయం ఒకటుంది. ముందుగోడలో కొంత భాగాన్ని చూరు దాటించి పైకి లేపి, ముక్కోణంగా ముగించి, అందులో కిటికీ పెట్టి, దాని మీద చిన్న కప్పును పెద్ద కప్పుకు కలిపేస్తారు. వరుస పొడవునా కనిపించే ఆ కోసు ముక్కోణాలన్నీ ఇలా పుట్టినవే. చూసేవాళ్లకు అవి అలంకారంగా తోస్తాయి. లోపల నివసించేవాళ్లకు అవి తల ఎత్తుకుని నిలబడే చోట్లు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఆర్లింగ్టన్ రోను 14వ శతాబ్దపు ఇళ్లుగా వర్ణించే రాతలు చాలా ఉన్నాయి. అది తప్పుదోవ పట్టించే వర్ణన. 1380 ప్రాంతంలో అక్కడ ఇళ్లు లేవు. ఛాయాచిత్రాల్లో మనం చూసే ముఖం, అంటే తలుపులు, కిటికీలు, ముక్కోణాలు, పొగగొట్టాలు, ఇవన్నీ 17వ శతాబ్దానివీ ఆ తర్వాతివీ. మఠం నాటి కట్టడం ఆ ముఖం వెనక, కొలతల్లోనూ, గోడల బలంలోనూ దాగి ఉంది. దాని గొప్పతనం పాతదనంలో కన్నా ఈ అతుకులోనే ఎక్కువ ఉంది.

కిటికీలు ఆస్తిపాస్తుల్ని పట్టిస్తాయి. కాట్స్‌వోల్డ్‌లో కలిగినవాళ్ల ఇళ్లకు చెక్కిన రాతి నిలువు కమ్మీలతో రెండు, మూడు, నాలుగు అరల కిటికీలుంటాయి. వాటి మీద వాన నీరు అద్దానికి జారకుండా ముందుకు పొడుచుకువచ్చిన రాతి పట్టీ ఉంటుంది. పేదల ఇళ్లకు కర్ర చట్రాలు, సీసం పట్టీల్లో ఇమిడ్చిన చిన్న గాజు ముక్కలు. పెద్ద గాజు పలకలు అప్పట్లో పేదల తాహతుకు అందేవి కావు.

పైకప్పు

ఈ కట్టడంలో అన్నిటికన్నా ఎక్కువ నేర్పు దాగి ఉన్నది కప్పులో. దూరంనుంచి చూసేవాళ్లు దాన్ని పెంకుటిల్లు అనుకుంటారు. దగ్గరికి వెళితే అది పూర్తిగా రాయి.

సున్నపురాతిలో కొన్ని పొరలు పలచగా, పలకలుగా విడిపోతాయి. బైబరీ చుట్టుపక్కల ఫారెస్ట్ మార్బుల్ అనే పొర అలాంటిది. తవ్విన వెంటనే పలకలుగా చేతికొచ్చే ఆ రాళ్లను క్వారీవాళ్లు ప్రెజెంట్స్ అనేవాళ్లు. ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని స్టోన్స్‌ఫీల్డ్‌లో పద్ధతి వేరు. అక్కడి రాయి తవ్వగానే విడిపోదు. శీతకాలానికి ముందు తీసి, పొలంలో పరిచి, తడి ఆరకుండా కాపాడేవాళ్లు. గట్టి మంచు పడిన రాత్రి రాతి పొరల్లోని నీరు గడ్డకట్టి ఉబ్బి పొరల్ని విడదీసేది. మంచు కురిసే సూచన కనిపిస్తే అర్ధరాత్రి చర్చి గంట మోగించి ఊరివాళ్లను లేపేవాళ్లని చెబుతారు. కప్పి ఉంచిన రాళ్లను తెరవడానికి అందరూ పొలాలకు పరుగెత్తేవాళ్లు. ఒక్కసారి పూర్తిగా ఆరిపోయిన రాయి ఇక ఎంత మంచు పడినా విడిపోదు. 20వ శతాబ్దపు తొలి ఏళ్లలో ఆ గనులు మూతపడ్డాయి.

పలక అంచుల్ని సుత్తితో సరిచేసి, పై చివర ఒక చిల్లు పొడుస్తారు. అందులో ఓక్ కర్ర మేకు దిగ్గొట్టి, వాసాల మీది బద్దెకు తగిలిస్తారు. మేకు పలకను బద్దెకు వేలాడదీస్తుంది అంతే. నిలబెట్టేది మాత్రం పై వరుసల బరువు. ప్రతి వరుసా కింది రెండు వరుసల మీదికి వచ్చేలా పరుస్తారు కనుక ఏ చోటైనా కనీసం రెండు పలకల మందం ఉంటుంది. కింది వైపునుంచి గొర్రె లేదా పశువుల వెంట్రుకలు కలిపిన సున్నపు గార పూసి సందుల్ని మూసేవాళ్లు.

పలకలన్నీ ఒకే కొలతకు రావు. రాయి ఎలా విడిపోతే అలా వస్తాయి. ఒకే కొలతకు కోస్తే సగం రాయి వృథా. కాబట్టి పలకల్ని పొడవును బట్టి వేరుచేసి, పెద్దవాటిని చూరు దగ్గర, చిన్నవాటిని కొప్పు దగ్గర పరిచారు. చూరు దగ్గర గోడ బరువు మోస్తుంది, అక్కడే పైనుంచి దిగే నీరంతా చేరుతుంది, కాబట్టి పెద్ద పలకలు, తక్కువ అతుకులు. కొప్పు దగ్గర నీరు తక్కువ, మోయాల్సిన బరువు కూడా తక్కువే ఉండాలి. కొలతలకు పనివాళ్లు పెట్టుకున్న పేర్లలో బ్యాచిలర్లు, కసమ్‌లు, బెక్‌లు వంటివి ఉన్నాయి. ఆ పేర్లు ఊరూరికీ కాస్త మారేవి. మేస్త్రి చేతిలో కొలకర్ర ఉండేది, దాని మీది గీతల్ని బట్టి ఏ పలక ఏ వరుసదో తేలేది. పైకి పోనుపోనూ చిన్నవయ్యే ఈ వరుసల వల్ల కప్పు అసలు కన్నా ఎత్తుగా, నిటారుగా కనిపిస్తుంది. అందం కోసం ఎవరూ చేసింది కాదు, కానీ ఇంతటి కంటి కొలత నేర్చిన చిత్రకారులకు కూడా దొరకదని నా నమ్మకం.

ఇంకో చిక్కు ఉంది. ఈ పలకలు ఎగుడుదిగుడుగా ఉంటాయి, నీటిని కొంత పీలుస్తాయి కూడా. నీరు కప్పు మీద ఎక్కువసేపు నిలిస్తే లోపలికి దిగుతుంది, చలికి గడ్డకడితే పలక పగులుతుంది. నీరు త్వరగా జారిపోవాలి. అందుకే వాలు నిటారుగా, దాదాపు 50 డిగ్రీల వరకు ఉంటుంది. ఆ నిటారు వాలే కప్పు కింద అంత ఖాళీ ఇచ్చింది. ఆ ఖాళీయే పై గదులయింది. పై గదులకు వెలుతురు కోసమే ముక్కోణాలు లేచాయి. పలక మందంనుంచి ఇంటి ముఖం దాకా ఒకే గొలుసు ఇది.

ఇక బరువు. 100 చదరపు అడుగుల కప్పుకు దాదాపు ఒక టన్ను. ఆ భారాన్ని మోసేది ఓక్ దూలాలు, వాసాలు. పచ్చి ఓక్‌నే వాడేవాళ్లు, ఎండితే ఉలికి లొంగదు గనక. అది కప్పులోనే నెమ్మదిగా ఎండుతూ వంగేది. శతాబ్దాల బరువుకు ఆ దూలాలు ఎక్కడికక్కడ కుంగి, కొప్పు గీత నీటి అలలా ఎత్తుపల్లాలుగా కుదురుకుంది. రెండు కప్పు వాలులు కలిసే లోయల్లో సీసపు రేకు వేసే తాహతు లేనప్పుడు, మేస్త్రులు పలకల్నే కోణాలుగా కోసి, వరుసల్ని మెలికగా తిప్పేవాళ్లు. ఈ పని చేతకానివాడు కప్పు మేస్త్రి కాడని ఆ వృత్తివాళ్ల మాట. ఆర్లింగ్టన్ రోలో ఇన్ని ముక్కోణాలు ఉన్నాయంటే అన్ని లోయలూ ఉన్నట్టే, ప్రతి లోయా నీరు దిగే ప్రమాదమున్న చోటే.

నీళ్లు, మర, ర్యాక్ ఐల్

ఈ ఇళ్లను వాటి ముందున్న తడి నేలనుంచి విడదీసి చూడకూడదు. ఇళ్ల ముందు సన్నటి కాలువ, దాని అవతల మూడు పక్కలా నీళ్లున్న చిత్తడి పచ్చిక. దాని పేరు ర్యాక్ ఐల్. కాలువ వెంట కాస్త నడిస్తే ఆర్లింగ్టన్ మర. 1086 నాటి రాజుగారి భూముల లెక్కల్లోనే ఇక్కడ మర ప్రస్తావన ఉంది. ఇప్పుడున్న కట్టడం చాలావరకు 17వ శతాబ్దానిది.

ఆ కాలంలో బట్ట తయారీ ఒక కప్పు కింద జరిగేది కాదు. పెట్టుబడి పెట్టే వర్తకుడు ఉన్నినో నూలునో ఇంటింటికీ పంచేవాడు. ఆడవాళ్లూ పిల్లలూ ఉన్ని ఏకి రాట్నం మీద వడికేవాళ్లు. మగవాళ్లు పడుగు పోసి పేక విసిరి నేసేవాళ్లు. మగ్గం దిగిన ఉన్ని బట్ట పలచగా, గరుగ్గా, నూనె జిడ్డుతో ఉంటుంది. దాన్ని మరకు తీసుకెళ్లి, జిడ్డు పీల్చే ఒక రకం బంకమట్టితో, నీటిచక్రం నడిపే కర్ర సుత్తులతో గంటల తరబడి దంచేవాళ్లు. దంచేకొద్దీ పోగులు ఒకదానిలో ఒకటి చిక్కుకుని బట్ట కుదించుకుపోయి, దిట్టంగా తయారవుతుంది. తడి బట్టను అలాగే వదిలేస్తే ముడుచుకుని వంకరపోతుంది. అందుకని ర్యాక్ ఐల్ మీద పాతిన కర్ర చట్రాలకు, రెండు అంచుల్లోనూ కొక్కేలు గుచ్చి, బిగలాగి ఆరబెట్టేవాళ్లు. ఆ పచ్చిక పేరు కూడా ఆ చట్రాలదే.

ఇల్లు, మర, ఆరబెట్టే మైదానం పక్కపక్కనే ఉండటం చూస్తే కొట్టు ఇక్కడే ఇళ్లుగా ఎందుకు మారిందో తెలుస్తుంది. మఠాలు పోయాక ఉన్ని దాచే అవసరం పోయింది. కానీ బట్టల వ్యాపారానికి పనివాళ్లు కావలసింది నీటి పక్కనే. గోడలు దృఢంగా ఉన్నాయి, కప్పు ఉంది. కొత్తగా ఇళ్లు కట్టడం కన్నా దీన్ని విభజించడం చవక.

ఇతర వరుసలతో పోలిస్తే

ఇంగ్లండ్‌లో పేరున్న రాతి ఇళ్ల వరుసలు ఇంకా ఉన్నాయి. సోమర్‌సెట్‌లోని వెల్స్ పట్టణంలో కెథడ్రల్ గాయకుల కోసం 14వ శతాబ్దపు మధ్యలో బిషప్ రాల్ఫ్ మొదలుపెట్టించిన వికార్స్ క్లోజ్ వాటిలో అతి పాతది. రెండు సమాన వరుసలు, ఎదురెదురుగా, ఎత్తైన పొగగొట్టాలతో. అది మొదటినుంచీ ఇళ్లుగా ఆలోచించి కట్టినది, వెనక చర్చి డబ్బుంది. బ్రిస్టల్ దగ్గరి బ్లేజ్ హామ్లెట్‌ది పూర్తిగా వేరే కథ. జాన్ నాష్ అనే పేరుమోసిన వాస్తుశిల్పి 1811 ప్రాంతంలో ఒక ధనికుడి పాత నౌకర్ల కోసం తొమ్మిది ఇళ్లు గీశాడు. ఒక్కోటి ఒక్కో తీరులో, ముచ్చటైన పల్లెటూరి కొంపల్లా కనిపించాలనే ఉద్దేశంతో. వంకరటింకర కప్పులు, పొడుగు పొగగొట్టాలు అన్నీ అక్కడ కావాలని పెట్టినవి. చూడముచ్చటగానే ఉంటాయి. అయినా ఆర్లింగ్టన్ రోలో ప్రతి వంకరకూ ఒక కారణం దొరుకుతుంది, బ్లేజ్‌లో దొరికే కారణం వాస్తుశిల్పి ఇష్టం ఒక్కటే.

యార్క్‌షైర్ కొండల్లోని నేతగాళ్ల ఇళ్లను కూడా ఇక్కడ తలచుకోవాలి. గోల్కార్, హెప్టన్‌స్టాల్ వంటి ఊళ్లలో పై అంతస్తు గోడ పొడవునా ఒకదాని పక్కన ఒకటి ఎనిమిదేసి, పదేసి అరల కిటికీలు సాగుతాయి. మగ్గానికి పగటి వెలుతురు కావాలని మొదటినుంచీ ఆలోచించి 18వ శతాబ్దం చివర్లో, ఆ తర్వాత కట్టిన ఇళ్లవి. వాటితో పోలిస్తే ఆర్లింగ్టన్ రో కిటికీలు మరీ చిన్నవి. కొట్టును మార్చి చేసిన ఇల్లు, మగ్గం కోసమే కట్టిన ఇల్లు – ఈ రెంటి తేడా కిటికీల్లోనే కనబడుతుంది.

పాడుబడటం, కాపాడటం

18, 19 శతాబ్దాల్లో బట్టల పరిశ్రమ బైబరీ లాంటి ఊళ్లను విడిచి, వడిగా పారే వాగులున్న స్ట్రౌడ్ లోయలకూ, ఆపై బొగ్గు దొరికే యార్క్‌షైర్‌కూ తరలిపోయింది. చేమగ్గాలు ఆగిపోయాయి. నేతగాళ్ల ఇళ్లు వ్యవసాయ కూలీల ఇళ్లయ్యాయి. ఒక విధంగా ఆ పేదరికమే వీటిని కాపాడింది. డబ్బు ఉన్న ఊళ్లలో పాత ఇళ్లు పడగొట్టి కొత్తవి కట్టారు, లేదా ముందుగోడకు కొత్త మోజు ముఖం తొడిగారు. ఇక్కడ మార్చే స్తోమత ఎవరికీ లేకపోయింది.

పాత కట్టడాలను చూసే చూపు కూడా ఈ మెట్టల్లోనే మారింది. కవి, కళాకారుడు విలియం మోరిస్ 1871 నుంచి ఇక్కడికి దగ్గర్లోని కెల్మ్‌స్కాట్‌లో పాత రాతి ఇంటిని అద్దెకు తీసుకున్నాడు. ఇంగ్లండ్‌లోకెల్లా అందమైన గ్రామం బైబరీ అని ఆయన అన్నట్టు ప్రసిద్ధి. అంతకన్నా ముఖ్యమైన పని ఆయన 1877లో చేశాడు. ప్రాచీన కట్టడాల సంరక్షణకు ఒక సంఘం స్థాపించాడు. పాత కట్టడాన్ని ఊహించుకున్న తొలిరూపానికి తిరిగి మార్చవద్దు, పాడవకుండా ఎప్పటికప్పుడు మరమ్మతు చేస్తూ ఉండండి అన్నది దాని సూత్రం. ఎన్నో కాలాల అతుకులతో ఉన్న ఆర్లింగ్టన్ రో వంటి కట్టడానికి ఇంతకన్నా న్యాయమైన సూత్రం లేదు. కొట్టుగా మారుద్దామంటే ఇళ్లు పోతాయి, ఇళ్లుగానే చూద్దామంటే కొట్టు మరుగవుతుంది. 1890ల్లో ఆయన బాటలోనే వాస్తుశిల్పులు ఎర్నెస్ట్ గిమ్‌సన్, బార్న్‌స్లీ సోదరులు లండన్ వదిలి ఈ మెట్టలకు వచ్చి సాపర్టన్ పరిసరాల్లో స్థిరపడ్డారు. ఊరి మేస్త్రుల పద్ధతిలో రాతి ఇళ్లు కట్టారు, బల్లలూ కుర్చీలూ చేశారు.

మొదటి ప్రపంచయుద్ధం తర్వాత కొత్త ముప్పు వచ్చింది. ఆరోగ్యానికి పనికిరావని ముద్రవేసి పాత ఇళ్లను కూల్చడం మొదలైంది. 1920ల్లో రాయల్ సొసైటీ ఆఫ్ ఆర్ట్స్ ప్రాచీన గ్రామీణ గృహాల రక్షణకు నిధి కూడగట్టింది. 1929లో ఆ సంస్థ ఆర్లింగ్టన్ రోను కాపాడటానికి పూనుకుంది. 1949లో ఇది నేషనల్ ట్రస్ట్ చేతికొచ్చింది. కట్టడాన్ని కాపాడితే చాలదని, ముందున్న ర్యాక్ ఐల్‌ను కూడా ట్రస్ట్ చూసుకుంటోంది. అది ఇప్పుడు నీటి పక్షులకు, చిత్తడి మొక్కలకు నెలవు.

అమెరికా కార్ల తయారీదారు హెన్రీ ఫోర్డ్ ఈ వరుసను మొత్తంగా కొని తన దేశానికి తరలించాలని చూశాడని ఒక కథ ప్రచారంలో ఉంది. ఆ కథ ఎలా ఉన్నా, 1930లో ఆయన పక్కనున్న చెడ్‌వర్త్ గ్రామంనుంచి ఒక రాతి ఇంటిని నిజంగానే కొన్నాడు. రాయి రాయిగా విప్పి, ఓడలో మిషిగన్‌కు పంపించాడు. డియర్‌బర్న్‌లోని గ్రీన్‌ఫీల్డ్ విలేజ్ ప్రదర్శనశాలలో అది ఇప్పటికీ ఉంది. రాళ్లు అవే, పనితనం అదే. కానీ కింద ఆ రాయిని కన్న నేల లేదు, ముందు కాలువ లేదు, మర లేదు. ఆర్లింగ్టన్ రో అలా తరలిపోయి ఉంటే దాన్ని చదవడానికి ఆధారమే ఉండేది కాదు.

నేటి స్థితి

ఇది ప్రదర్శనశాల కాదు. చాలా ఇళ్లలో అద్దెదారులు కాపురముంటున్నారు. కొంతకాలం బ్రిటిష్ పాస్‌పోర్టు లోపలి అట్ట మీద దీని చిత్రం ఉండటంతో ప్రపంచమంతా తెలిసిపోయింది. వేసవిలో ఇరుకు దారిలో సందర్శకులు కిక్కిరిసిపోతారు. కిటికీల్లోంచి లోపలికి తొంగిచూసేవాళ్లు, గుమ్మాల్లో నిలబడి ఫోటోలు దిగేవాళ్లు నివాసులకు నిత్యం ఎదురయ్యే ఇబ్బంది. వెళ్లేవాళ్లు అవి ఒకరి ఇళ్లన్న సంగతి గుర్తుంచుకోవాలి.

మరమ్మతుల్లో అన్నిటికన్నా పెద్ద చిక్కు సిమెంటు తెచ్చింది. 20వ శతాబ్దంలో కాట్స్‌వోల్డ్ అంతటా పాత గోడల సందుల్ని సిమెంటుతో పూడ్చారు. సున్నపు గారకు తడిని పీల్చి వదిలే గుణం ఉంది. గోడలోకి చేరిన నీరు గార గుండానే బయటికి ఆరిపోతుంది. సిమెంటు ఆ దారి మూసేస్తుంది. అప్పుడు తడి మెత్తని రాయి గుండా బయటికి రావాలి, చలికి అది గడ్డకట్టి రాయి ముఖం పొరలుగా రాలిపోతుంది. గార అరిగిపోవడం మేలు, రాయి అరిగిపోవడం కీడు. గారను మళ్లీ పెట్టవచ్చు. అందుకే ఇప్పుడు చారిత్రక ఇళ్లలో సిమెంటు తవ్వేసి మళ్లీ సున్నమే వాడుతున్నారు.

కప్పు పలకలది మరింత గట్టి సమస్య. ఓక్ మేకులు కుళ్లిపోయినప్పుడు కప్పు మొత్తం విప్పి, పనికొచ్చే పలకల్ని ఏరి, మళ్లీ పరచాలి. ప్రతిసారీ కొన్ని పగులుతాయి. వాటి స్థానంలో పెట్టడానికి కొత్త పలకలు తీసే క్వారీలు చాలా తక్కువ. దాంతో పాత కొట్టాల కప్పులు విప్పి ఇళ్లకు వేయడం అలవాటయింది. ఒక పాత కట్టడాన్ని బాగుచేయడానికి ఇంకో పాత కట్టడం బోసిపోతోంది. పోత పోసిన కృత్రిమ పలకలు వచ్చాయి గానీ, వాటన్నిటికీ ఒకే మందం, ఒకే అంచు, కాబట్టి పాత కప్పు మీద అవి ఇట్టే తెలిసిపోతాయి. ఊళ్ల దగ్గరే చిన్న చిన్న పలకల గుంతలు మళ్లీ తెరవనిస్తే తప్ప ఇది తీరదని కప్పు మేస్త్రుల వాదన. రక్షిత ప్రాంతంలో తవ్వకాలకు అనుమతులివ్వడం అంత తేలిక కాదు. అయినా ఈ విషయంలో మేస్త్రుల మాటలోనే న్యాయం ఎక్కువ. పలక తీసేవాడూ, దాన్ని పరిచేవాడూ ఉన్నంతకాలమే ఈ కప్పులు నిలుస్తాయి.